లాయరు గారు లేరు

ఫ్రేముల షాపాయన ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. ఒక లాయరును పెట్టుకుని, సాయంత్రం ఐదులోగా నోటీసుకు జవాబు ఇప్పించాలి. షాపు తనదేనంటూ సొంత బావమరిది పంపిన నోటీసు అది. గడువు ఆ రోజుతో సరి. జవాబు వెళ్ళకపోతే ఇరవై ఏళ్లుగా చెక్కలు కోసి, అద్దాలు కోసి నిలబెట్టిన షాపు చేజారిపోతుంది.

"వ్యాపారం తగాదాలకు ఎదురు మేడమీద లాయరు గారే దిక్కు," అన్నాడు పక్క షాపు టైలరు. "ఎక్కువ మాట్లాడరు. ఊరికే చూస్తారంతే. ఎదుటివాడికి చెమటలు పడతాయి."

మేడమీద తలుపు బార్లా తీసి ఉంది. లోపల చడీచప్పుడు లేదు. కుర్చీలు, బల్లలు, బీరువాలు అన్నిటిమీదా తెల్లదుప్పట్లు కప్పారు. గడియారం మూడుంపావు దగ్గర ఆగిపోయింది. టైపిస్టు కళ్ళు ఎర్రగా వాచి, చేతిరుమాలుతో ముక్కు అదుముకుంటోంది. నిన్న షాపుకొచ్చి, పెద్ద ఫ్రేము కట్టమని లాయరు గారి ఫోటో ఇచ్చి వెళ్ళింది ఆవిడే.

"సార్ లేరండి," అంది.

ఆయన గబుక్కున చెప్పులు విడిచాడు. "ఎప్పుడమ్మా?"

"పొద్దున ఆరింటికి. పిలుపొచ్చింది, ఉన్నపళంగా వెళ్ళిపోయారు. ఫోటో అయిందా అండీ? సాయంత్రం అందరూ వస్తారు."

ఆయన చేతిలోని నోటీసు బల్లమీదే మరిచి మెట్లు దిగాడు. టైలరుతో చెప్పాడు. టైలరు కొలతలకొచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. మధ్యాహ్నానికి వీధిలో సగం షాపులు మూశారు. పోయేముందు లాయరు గారు తన చెయ్యి పట్టుకున్నారని మంగలి కళ్ళు తుడుచుకున్నాడు. మెట్లమీద పూలు పోగుపడ్డాయి.

మూడింటికి ఆయన ఫ్రేము పట్టుకుని మళ్ళీ ఎక్కాడు. కరెంటు లేదు. దుప్పట్ల మధ్య ఒక కుర్చీ మెల్లగా ఇటు తిరిగింది. అందులో తల నుంచి పాదాల దాకా తెల్లగా ఒక మనిషి. ఫోటోలోని ముఖమే.

"కూర్చోండి. మీకోసమే చూస్తున్నాను," అన్నారు లాయరు గారు. "ఇక్కడ సంతకం చెయ్యండి."

"చేస్తే... నన్ను వెనక్కి పోనిస్తారా అండీ?"

"నా చేతిలో పడ్డవాళ్ళు మధ్యలో పోయింది లేదు."

 ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని వకాల్తా కాయితం మీద సంతకం గీశాడు. అప్పుడే పూలు పట్టుకుని బావమరిది లోపలికొచ్చాడు.

"పాపం బావా, చివరికి నీకు లాయరు కూడా దక్కలేదు..."

కుర్చీ అటు తిరిగింది. లాయరు గారు ఊరికే చూశారు.

"ఈ నోటీసు పంపింది మీరేనా?"

పూలు కిందపడ్డాయి. "వెనక్కి తీసుకుంటున్నా సార్. రాసిస్తా. షాపు బావదే," అన్నాడు బావమరిది. అక్కడే నిలబడి రాసిచ్చి, మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగిపోయాడు.

లోపలి గదిలోంచి రంగులతను బకెట్టుతో వచ్చాడు. "గోడలు గీకడం అయింది సార్. దూరం జరగండంటే విన్నారు కాదు, సున్నమంతా మీమీదే రాలింది. పాపం టైపిస్టమ్మ కళ్ళు కూడా మండిపోయాయి."

పొద్దున వచ్చిన పిలుపు పొరుగూరి కోర్టు నుంచట; మధ్యాహ్నం వెనక మెట్ల మీదుగా తిరిగొచ్చి, బల్లమీది నోటీసు చూశారట. సాయంత్రం అందరూ వచ్చేది లాయరు గారి ముప్పై ఏళ్ళ ప్రాక్టీసు విందుకట. షాపు నిలిచినందుకు ఫ్రేములాయన అక్కడే కూలబడి ఏడ్చాడు. దుస్తులు దులుపుకుంటూ లాయరు గారు టైపిస్టును మందలించారు.

"ఇకమీదట లేరు అని ఊరుకోకు. మిగతా ముక్క కూడా చెప్పు."

మర్నాటి నుంచి తలుపుకి బోర్డు వేలాడుతోంది: 'లాయరు గారు లేరు. మళ్ళీ వస్తారు.'

అది చదివాక బావమరిది ఇల్లు మారాడు.