ఉపమానానికి సమ్మతి

లోకంలో ఏ వస్తువునైనా మరో వస్తువుతో పోల్చే హక్కు సర్కారుదేననీ, ప్రజలు ముందస్తు అనుమతితో దాన్ని వాడుకోవచ్చుననీ నందిగామలోని ఉపమానాల తనిఖీ కార్యాలయం తేల్చిచెప్పిన సంవత్సరంలో, జగ్గయ్యపేటలో తాయారు చేటలో మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది.

తొడిమ తీస్తూ, పెదవుల మీద ఇంగ్లీషు పదాలకు అర్థాలు ఒప్పజెప్పుకుంటోంది. సిమిలీ అంటే ఒకదాన్ని మరొకదానిలా ఉందని చెప్పడం. మెటఫర్ అంటే ఆ ‘లా’ కూడా తీసేసి ఇదే అది అని చెప్పడం. తల్లి సీతారావమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఎదురుగా కూర్చుని, కూతురు ఆగినచోటల్లా “ఊఁ, తర్వాత?” అంటోంది. (ఆ ఊళ్ళో ఇంగ్లీషు ట్యూషనంటే చాలా ఇళ్ళల్లో ఇంతే.)

ఎస్సెల్సీ పరీక్షకు పనికొచ్చే పదాలకు ఒక్కొక్కదానికీ ఒకే అర్థం, ఒకే ఉదాహరణ ఉంటాయి. సిమిలీకి ఆమోదం పొందిన ఉదాహరణ ‘అతను సింహంలా పోరాడాడు’ అన్నది. అతనెవరో, ఎవరితో పోరాడాడో, చివరికి గెలిచాడో లేదో ఏ పిల్లా అడగలేదు. సింహం ఆ తాలూకాలో కాపురం ఉండదు గనక దాని అభిప్రాయం తీసుకోవాల్సిన పని కార్యాలయానికి లేదు. అంచేత అది అన్ని విధాలా క్షేమమైన ఉదాహరణ. ఆ నిబంధన రాకముందు నించీ కూడా పిల్లలందరి పేపర్లలోనూ ఆ సింహమే పోరాడుతూ వస్తోంది.

సెలెక్షన్ పరీక్షలో తాయారు ఆ సింహాన్ని వదిలేసింది. ‘మా నాన్న మూసిన తలుపులా ఉంటాడు’ అని ఇంగ్లీషులో రాసింది.

మేష్టారు వరప్రసాదరావు ఆ వాక్యానికి సున్న వేశారు. సరిగ్గా ఆ రెండు మార్కులే తక్కువై ఆమె ఇంగ్లీషు తప్పింది. సెలెక్షన్ తప్పినవాళ్ళను అసలు పరీక్షకు పంపరు.

“ఏమ్మా, సింహం ఏం పాపం చేసిందని వదిలేశావు?” అన్నారు మేష్టారు.

“సింహాన్ని నేను చూళ్ళేదండీ.”

“చూసినవి రాస్తారా ఎక్కడైనా? చూసినవాటికి అనుమతి కావాలి.”

బతికున్న మనిషిని ఉపమానంలో వాడుకుంటే ఆ మనిషి సమ్మతి ఉండాలి. సమ్మతి దొరికితే మార్కులు తిరిగి కలుపుతారు. మేష్టారు మంచివారే, అర్జీ తనే రాసి పంపారు. “సిమిలీ గనక బతికిపోయావు,” అని ధైర్యం కూడా చెప్పారు. “అదే మెటఫరైతే నాన్నే తలుపైపోతాడు. అప్పుడు రిజిస్ట్రారాఫీసులో ఆయన్ని తలుపు పేర మార్పించాలి. పర్సానిఫికేషనైతే ఇంకా కష్టం. ప్రాణం లేనిదానికి ప్రాణం వస్తుంది గనక జననాల పుస్తకంలో కరణం చేత ఎక్కించాలి.” (ఐరనీ సంగతి ఇంకా తేలలేదు. పైకి చెప్పిందానికి లోపలి అర్థం వేరుగా ఉండటాన్ని ప్రత్యేకంగా ఒక పదంతో పిలవాల్సిన అవసరం కార్యాలయం వారికి కనపడలేదు.)

తాయారు తండ్రి శ్రీమన్నారాయణ మిరపకాయల వ్యాపారి. కొట్లో పొద్దున్నించీ దీపాలు పెట్టేదాకా మాట్లాడతాడు. ఇంటికి వచ్చేసరికి ఆయన దగ్గర మాటల సరుకు నిండుకుంటుంది. సెలెక్షన్ సంగతి చెప్పినప్పుడు కూడా నోరు విప్పలేదు. బడి మాన్పించిన పెద్దకూతురి పుస్తకాలు కట్టగట్టి పడేసిన అటక వంక ఒకసారి చూశాడు. ఆ చూపును సీతారావమ్మే తెలుగులోకి మార్చింది. “ఈ ఏడు పరీక్షకు పంపకపోతే ఇక బడి చాలంటున్నారే.”

అర్జీ విచారణకు కుటుంబరావు అనే అధికారి నందిగామ బస్సు దిగి, మేష్టార్ని వెంటబెట్టుకుని, శ్రీమన్నారాయణ భోజనానికి వచ్చే వేళకు ఇల్లు చేరాడు. ముందు తలుపును తనిఖీ చేశాడు. వేళ్ళతో తట్టి చూశాడు. ‘టేకు. లోపలి గడియ కలదు’ అని రాసుకున్నాడు. తరవాత, భోంచేసి చెయ్యి తుడుచుకుంటున్న శ్రీమన్నారాయణను కూడా అంతే శ్రద్ధగా చూశాడు. (తట్టలేదు.)

“ఏ విషయంలో పోలికమ్మా?” అని తాయారును అడిగాడు.

తాయారు చేటలోకి చూస్తూ చెప్పింది. “తలుపు మంచిదేనండీ. లోపల మనుషులున్నారని తెలుస్తూనే ఉంటుంది. తీస్తారేమోనని బయట నిలబడతాం. అంతేనండీ.”

కుటుంబరావు ‘నిలబడుట’ అని రాశాడు. మేష్టారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

“శెట్టిగారూ, మీకు సమ్మతమేనా? సమ్మతమే అని నోటితో ఒక్క మాట అంటే చాలు, నా పని అయిపోతుంది.”

“సంతకం పెట్టిస్తే కుదరదాండీ?” అంది సీతారావమ్మ.

“కుదరదమ్మా. సంతకాలదేముంది, మనసులో లేకపోయినా పెడతారు.”

“పోనీ తలూపితే?”

“ఎటు ఊపారన్నదానిమీద అప్పీళ్ళొస్తున్నాయమ్మా.”

సీతారావమ్మ మొగుడి వైపు తిరిగింది. “ఒక్క మాటండీ. కొట్లో ఆ పుల్లయ్యతో బస్తా మిరపకాయల కోసం గొంతు పోయేదాకా వాదిస్తారు. ఇంటికి ఒక్కటి మిగల్చలేరూ? పిల్ల చదువు ఆ మాట మీదే ఉంది.”

శ్రీమన్నారాయణ కూతురి వంక చూశాడు. ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. పసిపిల్లాడికి అక్షరం అందించినట్టు మేష్టారు “స... స...” అని పెదవులు కదిపారు. శ్రీమన్నారాయణ పెదవులు కూడా కొంచెం విడివడ్డాయి. తాయారు వేళ్ళు తొడిమ మీద అట్లాగే ఆగిపోయాయి.

ఆయన దండెం మీది కండువా తీసి భుజాన వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు. గడప దాటి, అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి తలుపు దగ్గరగా లాగి, బజారు వైపు వెళ్ళిపోయాడు.

కుటుంబరావు మూసిన తలుపును కాసేపు చూసి, కలం మూత తీసి తీర్పు రాశాడు: ‘పోలిక విచారణలో అక్షరాలా రుజువైనది. సమ్మతి అందనందున మార్కులు ఇచ్చుటకు వీలులేదు. అభ్యర్థిని వచ్చే సంవత్సరము సింహమునే వాడవలెను.’