అన్నకు కాలు తీసేలోపల

ఆ శుక్రవారం పొద్దున ఓబులేసు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కారుకు ముందు లైట్లు రెండూ బిగించాలి. మధ్యాహ్నం ఇంజను ఒకసారి పలికించి చూడాలి. శనివారం ఎండ ముదరకముందే ఆళ్లగడ్డ నుంచి నంద్యాల చేరాలి. అంతే. ఇంత చిన్న ప్లాను కూడా ఈ దేశంలో సామాన్యుడికి ఎందుకు సాగదో తెలియాలంటే ముందు ఆ కారు సంగతి తెలియాలి.

ఓబులేసు రాతిపనివాడు. ఆళ్లగడ్డలో దేవుళ్లనూ, చచ్చిపోయిన నాయకులనూ చెక్కే షెడ్లు చాలా ఉన్నాయి. ఇంటి గోడకు ఆనించి రేకులు కప్పిన చిన్న షెడ్డు అతనిది. ఎనిమిది నెలలుగా అందులో ఉలి చప్పుడు తక్కువ, స్పానర్ల చప్పుడు ఎక్కువ. రాళ్లన్నీ బయట ఎండలోకి నెట్టి, లోపల తొంభై నాలుగు మోడలు జెన్ కారును పెట్టుకున్నాడు. అప్పటికి దాని వయసు పదకొండేళ్లు. అది సుందరరాజుది. సుందరరాజు తోడబుట్టినవాడు కాదు. కులం వేరు, మతం వేరు. అయినా ఇరవై ఏళ్లుగా ఓబులేసు నోట అతను అన్నే.

సుందరరాజు బాడుగ డ్రైవరు. మిగతావాళ్లంతా తెల్ల అంబాసిడర్లు తోలుతుంటే అతను మాత్రం ఈ బుడ్డ కారు కొన్నాడు. సైలెన్సరు కోసి లావు గొట్టం పెట్టించాడు. కార్బురేటరు మార్చాడు. స్ప్రింగులు కత్తిరించి బండిని నేలకు దించాడు, వెడల్పు టైర్లు ఎక్కించాడు. ఓబులేసు భార్య మహాలక్ష్మికి కడుపులో బిడ్డ అడ్డం తిరిగిన రోజు ఆ కారు నంద్యాలకు ఇరవై తొమ్మిది నిమిషాల్లో పోయింది. తల్లీ బిడ్డా బతికారు. ఆ తర్వాత సుందరరాజుకు చక్కెర జబ్బు వచ్చింది. కారు మూడేళ్లు ఎండకూ వానకూ తుప్పు పట్టింది. ఇప్పుడు పాదం నల్లబడింది. నంద్యాలలో ఒక ఆసుపత్రివాళ్లు, సోమవారం పొద్దున కుడికాలు మోకాలి దాకా తీసేస్తామన్నారు.

కుడికాలు. యాక్సిలరేటరు తొక్కే కాలు.

"తీస్తే తీయనీలేప్పా," అన్నాడు సుందరరాజు మంచం మీద నుంచి. "దానికి ముందర ఒక్కసారి నా బండి తొక్కాల. తోలేది గూడా వద్దు. ఉన్నకాడనే స్టార్టు చేసి, అడుగంటా తొక్కి ఇడుస్తా. ఆమీదట కోసుకోనీ."

ఓబులేసు సరేనన్నాడు. ఇంజను బోరు కొట్టించడం అప్పటికే అయిపోయింది. తుప్పు తిన్నచోట రేకు అతికించి, లప్పం పెట్టి, రాతిని నునుపు చేసినట్టే చేత్తో తడిమి తడిమి రుద్దాడు. గురువారం ఎర్రరంగు కొట్టించి, దుమ్ము పడకుండా తెల్ల దుప్పటి కప్పాడు. లైట్లు కర్నూలు పాత సామాన్ల అంగడి నుంచి బస్సులో వచ్చాయి. వాటిని ఓబులేసు లైట్లు అనేవాడు కాదు, కళ్లు అనేవాడు. రాతిపనిలో చివరగా పెట్టేవి కళ్లే.

శుక్రవారం పొద్దున ఆ కళ్లు పెట్టబోతుండగా టీ అంగడి శేషయ్య షెడ్డు తలుపు దగ్గరికి గ్లాసు పట్టుకుని వచ్చాడు. పక్క షెడ్డులో రాయి కోసే మిషను చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది.

"ఏందప్పా ఓబులేసూ, ఎనిమిది నెల్ల నుంచి తలుపేసుకోని ఏం చేస్తాండావ్? ఎవురిదది, ముసుగేసి పండబెట్టినావ్?"

"అన్నది."

"ఏ అన్నది?"

"నాకెంతమంది అన్నలుండారు? అన్నదే."

శేషయ్య గొంతు తగ్గించాడు. "యాడికి పోతాది?"

"నంద్యాలకు. అంతా అయిపోయింది. కళ్లు పెట్టేదొకటే ఉండాది."

"అంత తొందరేందిప్పా?"

"సోమారం అన్నకు కాలు తీస్తారు. ఆలోపల చేర్చాల."

మిషను ఇంకా గట్టిగా అరిచింది. కాలు తీస్తారన్న మాట శేషయ్య చెవికి 'కాలం తీరుస్తారు' అని చేరింది.

ఆ ఊళ్లో అన్న అంటే మీ అన్నో మా అన్నో కాదు. అన్న అంటే ఒక్కడే. పేరెందుకు, ప్రతి ఊరికీ ఒకడుంటాడు. ఓట్లు అతనివి, కాంట్రాక్టులు అతనివి, పంచాయితీలు అతనివి. అతను నిక్షేపంగా బతికే ఉన్నాడు. విగ్రహమేమో చచ్చినవాడికే చేస్తారు. బతికున్న అన్నకు ముందుగానే విగ్రహం తయారవుతోందంటే, చంపడానికి రోజు కూడా పెట్టుకున్నారనే కదా అర్థం! చేతిలో గ్లాసు ఎక్కడ పడిందో కూడా చూసుకోకుండా శేషయ్య పరిగెత్తాడు.

గంట తిరగలేదు, మూడు జీపులు వచ్చాయి. ముందు దిగినవాడు హరిప్రసాద్. అన్న పక్కన నిలబడి అన్న ఫోన్లు పట్టుకోవడం అతని ఉద్యోగం.

"అన్న బతికుండంగానే అన్నకు బొమ్మ చేస్తావంట్రా? ఎవుడిచ్చినాడు ఆర్డరు?"

"బొమ్మ ఏంది సామీ? అది కారు!"

"కారా? కార్లో ప్లానేసినారా? ఎవురి కార్లో?"

"అన్న కారే సామీ!"

హరిప్రసాద్ ముఖం పాలిపోయింది. వెనక్కి తిరిగి, "అన్న కారుకే బాంబు పెట్టినారంట రోయ్!" అన్నాడు. పది నిమిషాల్లో అన్న తిరిగే బండిని మెకానిక్కులు నట్టు నట్టూ విప్పి రోడ్డు మీద పరిచారు. దాంట్లో ఏమీ దొరకలేదు. దొరకలేదంటే చాలా తెలివిగా పెట్టారని తేల్చుకున్నారు.

ఓబులేసుకు తిక్క రేగింది. "మీ మాటలు మండ! చూడండి," అని దుప్పటి లాగబోయాడు. నలుగురు అతని మీద పడ్డారు.

"ముసుగు ముట్టుకున్నావంటే చెయ్యి నరుకుతా," అన్నాడు హరిప్రసాద్. "అన్న ఊపిరితో ఉండంగా అన్న ముసుగు తీసేవాడు ఇంకా పుట్టలే."

మహాలక్ష్మి ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఓ నాయనా, కింద టైర్లు కనపడతాండాయి కదప్పా! మీకు కళ్లు లేవా?"

"బొమ్మను లాక్కపోయేదానికి చక్రాలబండమ్మా అది," అన్నాడు ఒకడు ఓర్పుగా, తెలియనిదానికి తెలియజెప్పినట్టు.

పోలీసులు వచ్చారు. విగ్రహాల అనుమతులు చూసే ఆఫీసరు కూడా వచ్చాడు. పెద్ద చదువులు చదివినవాళ్లు కదా, వాళ్లయినా దుప్పటి ఎత్తి చూస్తారనుకుంటాం. ఆఫీసరు దుప్పటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. హరిప్రసాద్ ముఖం చూశాడు. 'ముసుగు గల విగ్రహము ఒకటి' అని కాగితం మీద రాసి, షెడ్డుకు తాళం వేయించి, లక్కతో సీలు కొట్టించాడు. ఓబులేసును స్టేషనుకు తీసుకుపోయారు. అరెస్టు కాదన్నారు. అతని రక్షణ కోసమేనన్నారు. రక్షణ గదికి బయట గడియ ఉంది.

శనివారమంతా ఓబులేసు చెప్పిందే చెప్పాడు. కారు సార్. సుందరరాజు కారు సార్. సోమవారం కాలు తీస్తారు సార్. ముసలి కానిస్టేబుల్ ఒకాయన మాత్రం పక్కన కూర్చుని విన్నాడు.

"అది కారేనని నాకు నిన్ననే తెలుసప్పా," అన్నాడాయన.

"మరి చెప్పు సార్ పైవాళ్లకు!"

"కారని చెప్పాలంటే ముసుగు తీసి చూడాల. తీసినోడెవుడని అన్న అడుగుతాడు. నాకింకా రెండేళ్ల సర్వీసుండాది. టీ తాగుతావా?"

మహాలక్ష్మి నంద్యాలకు ఫోను చేసింది. సుందరరాజు భార్య లూదియా సంగతి భర్తకు చెప్పకుండా, డాక్టరును బతిమాలింది. ఒక్కరోజు ఆగినా విషం తొడకెక్కుతుందన్నాడు డాక్టరు. ఆయన తప్పేమీ లేదు. ఈ కథలో తన పని తాను చేసినవాడు ఆయనొక్కడే.

ఆదివారం పొద్దున్నే సుందరరాజు తల దువ్వించుకున్నాడు. చక్రాల కుర్చీలో కూర్చుని, గేటు దగ్గర పెట్టించుకున్నాడు. రోడ్డు కనిపిస్తున్నా కళ్లు మూసుకునే కూర్చున్నాడు. చెవులు మాత్రం ఆళ్లగడ్డ వైపు ఉన్నాయి.

"అది డీజిలు జీపు. రింగులు పోయినాయి దానికి," అనేవాడు. కాసేపటికి, "ఇది మన బండి కాదు. గొట్టం సన్నం."

"ఎండకొచ్చింది, లోపలికి పోదాం పా," అంది లూదియా.

"ఓబులేసు మాటంటే మాటే లూదీ. కళ్లు పెట్టేదొకటే ఉండాదన్నాడు గదా. వస్తాంటాడు."

సాయంత్రం అయిదు తర్వాత బండ్ల పేర్లు చెప్పడం మానేశాడు. ఆరుకు, లోపలికి తోయమన్నాడు. మంచం మీద కుడిపాదాన్ని కట్టుతో సహా కిందికి ఒత్తి, వదిలి, మళ్లీ ఒత్తాడు. నొప్పికి పళ్లు బిగించాడు. లూదియా ముఖం గోడవైపు తిప్పుకుంది.

సోమవారం పది గంటలకు కాలు తీశారు.

అదే సోమవారం అన్న తన ఇంట్లో మూడు తలుపులు వేసుకుని, కిటికీలకు పరుపులు అడ్డం పెట్టించుకుని కూర్చున్నాడు. కొబ్బరినీళ్లు తప్ప ఏదీ తాగలేదు, అది కూడా కళ్ల ముందే కొట్టించుకుని. పొద్దు గూకింది. ఏమీ కాలేదు. మంగళవారం నాటికి అన్నకు ధైర్యం వచ్చింది, బుధవారం నాటికి కోపం వచ్చింది. తన చావుకు బొమ్మ చేయించినవాళ్ల బండారం బయటపెడతానని విలేకరులను పిలిపించి, ఓబులేసును వెంటబెట్టుకుని, పదకొండు బండ్లతో షెడ్డు దగ్గర దిగాడు.

సీలు పగలగొట్టారు. ముసుగు తీసే హక్కు అన్నది, కాబట్టి అన్నే తీశాడు.

ఎర్రటి కారు. ముందు భాగంలో లైట్లు ఉండాల్సినచోట రెండు గుంతలు.

విలేకరులు కారును చూశారు, అన్నను చూశారు. ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. హరిప్రసాద్ చేతిలో ఫోను మోగితే దాన్ని జేబులోకి తోసి పైనుంచి అదిమాడు.

నాయకుడు ఊరికే నాయకుడవడు. అన్న రెండు క్షణాల్లో తేరుకుని, చేయి పైకెత్తాడు. "ఈ సంగతి రహస్యంగా ఉంచుదామనుకుంటి. కాళ్లు లేని ఒక బీదవానికి నా తరఫున కారు ఇస్తాండా. అందుకే ముసుగేయించినా."

చప్పట్లు. అన్న గొంతు తగ్గించి హరిప్రసాద్‌ను అడిగాడు. "ఇప్పుడు కాలు లేనోడు యాడ దొరుకుతాడ్రా?"

ఆ మాట ఓబులేసు విన్నాడు. "నంద్యాలలో ఉండాడు," అన్నాడు. "మొన్న పది గంటల నుంచి."

"ఇంకేం, పాండి!" అన్నాడు అన్న సంతోషంగా.

ఫోటోలో బాగుండదని, ముందు లైట్లు బిగించమన్నారు. శుక్రవారం ఇవ్వని అరగంట బుధవారం ఇచ్చారు. ఓబులేసు స్క్రూలు బిగించాడు. ముందు ఆరు బండ్లు, వెనక అయిదు బండ్లు, నడుమ ఎర్రకారు.

కారు ఆసుపత్రి సందు మలుపు తిరగకముందే, మంచం మీద సుందరరాజు తల ఎత్తాడట. "మన గొంతే లూదీ," అన్నాడట.

డాక్టరు వద్దన్నా వినకుండా అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి గేటుకు తోసుకొచ్చారు. దుప్పటి ఒకవైపు ఖాళీగా వేలాడుతోంది. అన్న అతని మెడలో దండవేసి, అతని కారు తాళాలు అతనికే దానం చేశాడు. కెమెరాలు మెరిశాయి. సుందరరాజు అన్నను చూడలేదు. ఎర్రటి బానెట్టును చూస్తూ ఏడ్చాడు. పావుగంటలో పదకొండు బండ్లూ దుమ్ము లేపుకుంటూ పోయాయి.

ఓబులేసు అతని ముందు నేల మీద కూలబడ్డాడు. "అన్నా, తెస్తాననింటి గదా. తేలేకపోతి."

"లేయప్పా. దేవుడు చక్కగా చేసినాడు గదా నీ చేతులు. ఏం నునుపుండాదప్పా రేకు!"

ఓబులేసు లేచి బానెట్టు ఎత్తాడు. కుర్చీని ఇంజను పక్కకు తోసి, స్టార్టు చేసి, యాక్సిలరేటరు వైరు సుందరరాజు వేలికి అందించాడు. మెకానిక్కులు బండి పలుకు చూసేది అలాగే. దానికి కాలు అక్కరలేదు. సుందరరాజు చూపుడువేలితో లాగాడు. కారు గర్జించింది. ఆసుపత్రి కిటికీల్లోంచి రోగులు తొంగిచూశారు. అతను మళ్లీ లాగాడు, మెల్లగా వదిలాడు. ఇంజను నింపాదిగా మామూలు చప్పుడుకు దిగింది.

"బాగుంది," అన్నాడు. "బ్రహ్మాండంగా పలుకుతాండాది."

వైరు వదిలి, నూనె అంటిన వేలిని చూసుకున్నాడు.

"అయితే ఓబులేసూ, వేలికేం తెలుస్తాదప్పా? కాలు కింద బండి వణుకుతాది చూడు, అదే ఇంకోసారి కావల్లనుకుంటి." ఇంజను ఆపేయమన్నాడు.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. కింద 'ఆనందబాష్పాలు రాల్చిన లబ్ధిదారుడు' అని రాశారు. మూడు నెలల తర్వాత లూదియా భర్తకు వికలాంగుల పింఛను కోసం అర్జీ పెట్టింది. వారం తిరక్కుండానే అర్జీ వెనక్కి వచ్చింది, ఆ పేపరు ముక్క దానికి పిన్నుతో గుచ్చి ఉంది. తిరస్కరణకు కారణం ఒకే వాక్యంలో రాశారు: దరఖాస్తుదారునికి కారు కలదు.