కిష్టవ్వ కాలిలో సగం వాటా

మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు కిష్టవ్వ ఎడమ కాలిలో సగం వాటా ఒక పురుగు పేరు మీదికి మారింది. దరఖాస్తు ఎవరూ పెట్టలేదు. రుసుము ఎవరూ కట్టలేదు. సిద్దిపేటలో ఒక పని ఇంత త్వరగా పూర్తవడం అదే మొదటిసారి అని ఆఫీసు సిబ్బంది ధ్రువీకరించారు.

కిష్టవ్వది ధూళిమిట్ట. బీడీలు చుడుతుంది. పందొమ్మిదేళ్లుగా ఎడమ కాలికి బోదకాలు. పదిహేను రోజులకోసారి చలిజ్వరం వస్తుంది. వచ్చిందంటే నాలుగు రోజులు బీడీల చాట ముందు కూర్చోలేదు. ఆ రోజు కూడా పొద్దుటి నుంచి ఒళ్లు వెచ్చగానే ఉంది. డాక్టరు పన్నెండు రోజుల గోలీలు రాసిచ్చాడు. వాటిని ఇచ్చేది దీర్ఘవ్యాధి అవయవాల రికార్డుల కార్యాలయం. ఆమె వచ్చింది ఆ గోలీల కోసం.

ఆమె కంటే ముందు ల్యాబు రిపోర్టు వచ్చింది. బోదకాలు తెచ్చే పురుగు జన్యువులు కొన్ని కిష్టవ్వ కణాల్లోకి చేరి అక్కడే ఉండిపోయాయని అందులో ఉంది. డాక్టరుకు అది వైద్య విషయం. సీనియర్ అసిస్టెంటు రత్నాకర్‌కు అది కబ్జా.

(ఇందులో ఆయన తప్పు లేదు. కాళ్లకు సాఫ్ట్‌వేర్ లేకపోవడంతో పై అధికారులు భూముల సాఫ్ట్‌వేర్‌నే తెచ్చి, "భూమి" అన్న చోటల్లా "అవయవం" అని మార్చారు. కిష్టవ్వ కాలికి సర్వే నంబరు ఉంది. ఉత్తరానికి తిరిగి నిలబడితే తూర్పు హద్దు కుడి కాలు.)

"పన్నెండేండ్లు దాటితే లోపలున్నోళ్లకు హక్కు వస్తదవ్వా," అన్నాడు రత్నాకర్. "నీ పురుగు పందొమ్మిదేండ్ల సంది ఉన్నది. ఒక్కనాడన్న అబ్జెక్షన్ పెట్టినవా?"

"పందొమ్మిదేండ్ల సంది మొత్తుకుంటనే ఉన్న గద సారూ."

"నోటితోని కాదు. రాసియ్యాలె."

"నాకు రాయరాదు. దానికొచ్చా?"

"అది లోపలికి పోయి రాసుకున్నది. రిపోర్టుల ఉన్నది సూడు."

కిష్టవ్వ రిపోర్టును చూసింది. "మా పాలోళ్లు పొలం గట్టు జరిపిన్రు గని, గింత లోపలికి రాలే," అంది.

నిబంధన పద్నాలుగు ప్రకారం, ఉమ్మడి హక్కుదారును ఖాళీ చేయించే గోలీలకు హక్కుదారులిద్దరూ వేలిముద్ర వేయాలి.

"దానికి ఏలు యాడిది సారూ?"

"కణాలు ఉమ్మడైనయి గద. నీ ఏలే పెట్టు. ముందు నీ పేరు మీద."

ఆపరేటర్ నవత మిషన్ ముందుకు జరిపింది. ముప్పై ఏళ్లు తునికాకు చుట్టిన బొటనవేలు అది. నాలుగుసార్లు పెట్టినా మిషన్ తీసుకోలేదు.

"నెత్తికి రుద్ది పెట్టవ్వా," అంది నవత.

నెత్తికి రుద్ది పెట్టింది. తీసుకోలేదు. నవత రెండో వాటా పేరు నొక్కి అదే వేలు పెట్టించింది. మొదటిసారికే పచ్చలైటు వెలిగింది.

"వచ్చింది సార్."

"ఎవరు?"

"పురుగు."

రత్నాకర్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. పురుగు హాజరు, కిష్టవ్వ గైర్హాజరు అని రాసుకున్నాడు.

"నేను గీడనే ఉన్న గద!"

"నాకు గూడ కనవడుతుంది సార్," అంది నవత.

"నీకు కనవడితే ఏం లాభం? సర్వర్‌కు కనవడాలె."

హాజరైన పార్టీని విచారించడం ఆయన విధి. కాలి వైపు వంగి, గోలీలు ఇచ్చుటకు సమ్మతమేనా అని మూడుసార్లు అడిగాడు. జవాబు రాలేదు. మౌనాన్ని అభ్యంతరంగా నమోదు చేశాడు. (మౌనాన్ని అంగీకారంగా నమోదు చేసే నిబంధన కూడా ఉంది. అది భూసేకరణకు మాత్రమే వర్తిస్తుంది.)

"సారూ, జ్వరం నాకొస్తది. దానికి రాదు," అంది కిష్టవ్వ. ఆమె గొంతు తగ్గింది. "గోలీలియ్యి. నీ కాల్మొక్త."

"ఏ కాలైనా రికార్డు ప్రకారమే అవ్వా. జ్వరం గూడ ఉమ్మడే. చెరి సగం అని ఆర్డర్ల రాసిన."

మధ్యాహ్నం మూడింటికి గోలీల పొట్లం అల్మారాలోకి తిరిగి వెళ్లింది. ఆరింటికి ధూళిమిట్టలో బస్సు దిగేసరికి కిష్టవ్వ వణుకుతోంది. ఊళ్లోని ఆశా కార్యకర్త వనజ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, ఆర్డరు కాపీ చదివి, చంకలో థర్మామీటరు పెట్టింది. జ్వరం నూట రెండు. కిష్టవ్వ పేరు ఎదురుగా యాభై ఒకటి అని రిజిస్టరులో రాసింది.