చెప్పులు విడిచిన చోటు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు లేదని నిరూపించి చూడు అని మాత్రం అనలేకపోయారు. పాపం, వాళ్ళ కాలంలో గృహసహాయ శాఖ లేదు.

ఇల్లు లేదని ఎవరైనా అనొచ్చు, నోరుంటే చాలు. అందుకే శాఖవారు గది ఇచ్చేముందు ఒక పరిశీలకుణ్ణి పంపి, దరఖాస్తుదారు ఇల్లు లేకుండా ఎలా ఉంటున్నారో కళ్ళారా చూసి రమ్మంటారు. (దారి చూపించాల్సింది దరఖాస్తుదారే.)

మా వీధిలో జాకెట్లు కుట్టే అక్కని అద్దెగది ఖాళీ చేయించారు. అప్పట్నుంచి కూతురితో మూతపడ్డ మందుల షాపు అరుగు మీద పడుకుంటోంది. కుట్టుమిషను షట్టరుకి గొలుసుతో కట్టేసింది. పిల్లకి దగ్గు. వానలు మొదలయ్యేలోపు శాఖవారి గది దొరక్కపోతే ఆ దగ్గు ఎటు పోయి ఎటు వస్తుందోనని అక్కకి భయం. అలాంటి మనిషి, పరిశీలకుడు వస్తున్నాడని తెలియగానే ఘోరమైన తప్పు చేసింది. అరుగు కడిగింది.

అక్కడితో ఆగినా బాగుండేది. పాత చీర అడ్డం కట్టి, దుప్పటి దులిపి పరిచింది. ఆయన మెట్టెక్కబోతుంటే, "సార్, చెప్పులు అక్కడ విడవండి, పిల్ల పడుకునే చోటు," అంది. ఆయన అలవాటుకొద్దీ విడిచేశాడు. శాఖ నిబంధన ప్రకారం, ఉద్యోగి విధినిర్వహణలో చెప్పులు విడిచిన చోటు ఇల్లే. (ప్రార్థనాలయాల మినహాయింపు ఫైలు ఇంకా నడుస్తోంది.) దరఖాస్తు తిరస్కరించారు. నిజం చెప్పొద్దూ, అక్క మీద నాకూ ఒళ్ళు మండింది.

ఎదురుగా టీ కొట్టు పెద్దాయన తల పట్టుకున్నాడు. "ఎవరు కడగమన్నారమ్మా నిన్ను?"

"ఇంటికొచ్చే మనిషి కదా బాబాయ్."

"ఇదిగో, ఆ మాటే అనకు. ఈసారి నోరు కుట్టేసుకుని కూర్చో."

అప్పీలు మీద రెండో పరిశీలన వానలో జరిగింది. అక్క అడ్డం కట్టిన పాత చీర ముందే తీసేసింది. చెత్త ఊడవలేదు, మనిషిని పలకరించలేదు. పిల్ల జ్వరంతో ముడుచుకుని పడుకుంది. పరిశీలకుడు బురద కాళ్ళతో అరుగెక్కాడు. (ఈసారి ముందుజాగ్రత్తగా తాళ్ళ బూట్లు వేసుకొచ్చాడు.) మొదటి అడుగుకి అక్క పళ్ళ బిగువున ఊరుకుంది. రెండోది దుప్పటి మీద పడబోయింది.

"బూట్లు, సార్," అంది అక్క. అనేసి ఏడ్చేసింది.

ఆయన చెడ్డవాడేం కాదు. కిందికి దిగి, వానలో తడుస్తూనే తాళ్ళు విప్పాడు. విప్పాక నిట్టూర్చి, రాయాల్సింది రాసుకున్నాడు.

పిల్ల జ్వరం తగ్గకముందే శాఖ నుంచి పార్సిలు వచ్చింది. ఇంత వానలోనూ ఇంటి మర్యాద తప్పనందుకు అక్కది ఆదర్శ గృహంగా ఎంపికైందట. అద్దం ఫ్రేములో ప్రశంసాపత్రం, తగిలించుకోవడానికి ఒక మేకు కూడా పంపారు. గోడ మాత్రం లబ్ధిదారే ఏర్పాటు చేసుకోవాలి.