చదవని గైడ్ గారి చలవ

విద్యార్థి రాసిచ్చింది చదవని గైడ్ దొరకడం ఎంత అదృష్టమో చాలామందికి తెలియదు. ఒక్కసారి ఆలోచించండి. చదివితే తప్పులు కనబడతాయి. కనబడితే దిద్దుకు రమ్మంటారు. దిద్దాలంటే బుర్ర పెట్టాలి. డిగ్రీ చేతికందే వేళ పిల్లల్ని బుర్ర పెట్టమనడం ఎంత అన్యాయం!

అలాంటి అదృష్టవంతురాలు ఒకమ్మాయి ఉండేది. సైకాలజీ ఎం.ఏ. ఆఖరి సంవత్సరం. ఎవరేం చెప్పినా ముందుగా ‘సరేనండి’ అనేస్తుంది కనుక క్లాసులో ఆ మాటే ఆమె పేరైపోయింది. వాళ్ళమ్మ నర్సు. నర్సుల నిద్రలేమి మీద డిసర్టేషన్ రాయాలని పిల్ల కోరిక.

గైడ్ గారు ఆమె తెచ్చిన కాగితం వైపు చూడను కూడా చూడలేదు. “నిద్ర మీద అందరూ రాసేశారమ్మా. ఉద్యోగులు పై అధికారి మాట ఎందుకు కాదనలేరో, అది చూడు,” అన్నారు.

“సరేనండి,” అంది.

చూశారా? టాపిక్ ఇచ్చిన మరుక్షణమే మొదటి శాంపిల్ ఎదురుగా నిలబడి ఉంది. ఇంత వేగంగా సాగే పరిశోధన ఇంకెక్కడైనా ఉందా?

ఆయన అంతటితో ఊరుకోలేదు. పుస్తకాల్లో దొరకని అనుభవం ఆమెకు దక్కాలని తాపత్రయపడ్డారు. వాళ్ళింటి వాషింగ్ మెషిన్ బాగుచేయడానికి మెకానిక్ వస్తే కాపలాకి ఆమెనే పంపేవారు. వాళ్ళమ్మాయి స్కూలు ప్రాజెక్టుకి అట్టముక్కలతో అగ్నిపర్వతం చేయించారు. “మీ సార్‌కి నువ్వంటే ఎంత నమ్మకమో! వేరే పిల్లలకైతే ఇంటి తాళం ఇవ్వరు తెలుసా?” అని మురిసిపోయేవారు ఆయన భార్య.

ఇంట్లో చెప్పుకుందామంటే, డ్యూటీ దిగి వచ్చి వాచిన కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకున్న అమ్మ, “పెద్దాయన ఓ పని చెప్తే అరిగిపోతావా? డిగ్రీ వచ్చేదాకా ఓర్చుకో తల్లీ,” అనేసింది.

నెలల తరబడి ఆయన బల్ల మీద పడి ఉన్న మొదటి అధ్యాయం చివరికి తిరిగొచ్చింది. ఉన్నది ఒకే ఒక్క దిద్దుబాటు. కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు ముందు ‘ఆచార్య’ లేదట.

సర్వేకి ఆయనకు తెలిసిన ఇన్సూరెన్స్ ఆఫీసు ఒకటి కుదిర్చారు. అక్కడి మేనేజర్ సిబ్బందిని ఒక గదిలో కూర్చోబెట్టి, ప్రశ్నల కాగితాలు తానే పంచి, వాళ్ళ వెనకే నిలబడ్డాడు. ‘పై అధికారి చెప్పిన పని ఇష్టం లేకపోతే కాదనగలరా?’ అన్న ప్రశ్నకు అందరూ ‘ఎప్పుడైనా కాదనగలను’ దగ్గర టిక్కు పెట్టారు. పెట్టి, సరైనదానికే పెట్టామా అన్నట్టు మేనేజర్ ముఖం చూశారు.

కాగితాలు సర్దుకుని దిగుతుంటే మెట్ల దగ్గర క్లర్కు ఒకావిడ ఆపింది. నడివయసు మనిషి.

“అందులో ఉన్నది నమ్మొద్దమ్మా. అసలది నింపడమే నాకిష్టం లేదు. నింపమన్నారు, నింపాను.”

“ఇష్టం లేదని చెప్పొచ్చు కదండీ?”

ఆవిడ పైమెట్ల వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. “మా నాన్నకి సీరియస్‌గా ఉందని ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. పనుంది, సాయంత్రం వెళ్దువులే అన్నారు మేనేజర్ గారు. ఆగాను. నేను వెళ్ళేసరికి మంచం ఖాళీ చేసేశారు. ఆ రోజు చెప్పలేనిదాన్ని ఇవాళ చెప్తానా? ఇది రాసుకో. పేరు మాత్రం పెట్టకు.”

తప్పకుండా రాస్తానని అమ్మాయి మాటిచ్చింది. ఆ తర్వాత అదే మెట్ల మీద ఒక్కొక్కరే వచ్చి తమ సంగతులు చెప్పారు. వాటితో ఆమె ఒక అధ్యాయం రాసింది. ఎవరూ చెప్పకుండా తనంతట తాను చేసిన మొదటి పని అదే.

వింతేమిటంటే, ఆ అధ్యాయాన్ని గైడ్ గారు చదివారు! మెట్ల మీది మాటలు చెవినపడి, ఆ పిల్ల ఏం రాసిందని మేనేజర్ ఫోన్ చేసి అడిగాడట, పాపం చదవక తప్పలేదు.

“ఇది తీసెయ్యమ్మా. టిక్కులే సైన్సు. మెట్ల మీద కబుర్లు సైన్సు కాదు. పైగా ఆయన స్టాఫ్‌కి లెక్చర్లివ్వమని నన్ను పిలుస్తున్నారు. బాగుండదు.”

“కుదరదండి.”

ఆ మాట అన్నదెవరా అని ఆమే ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

“ఏమన్నావ్?”

“తీయడం కుదరదు సర్. ఆవిడకి మాటిచ్చాను.”

“అయితే నా సంతకమూ కుదరదు.”

అదీ ప్రతిభ అంటే! ఉద్యోగులు పై అధికారి మాట ఎందుకు కాదనలేరో తేల్చడానికి ఆమె ఏడాదంతా తిరిగితే, ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశారు.

ఆమె ఇంటికొచ్చి, తిట్లకు సిద్ధపడి, జరిగిందంతా చెప్పింది. అమ్మ గాజు గ్లాసు తుడుస్తూ ఆగిపోయింది. “ఆవిడ తండ్రి సంగతి తీసెయ్యమన్నాడా?” అని మళ్ళీ అడిగింది. అలా ఆలస్యంగా వచ్చి ఖాళీ మంచం ముందు నిలబడినవాళ్ళను వార్డులో ఎందరిని చూసిందో. “తీయకు. వాళ్ళ మెషిన్‌కి వాళ్ళనే కాపలా కాసుకోమను,” అంది.

తోటివాళ్ళు డిగ్రీలు పుచ్చుకుని వెళ్ళిపోయారు. ఆమె ఒక టర్మ్ పోగొట్టుకుని వేరే గైడ్ దగ్గర చేరింది. కర్మ చూడండి, ఈ కొత్త గైడ్ గారు చదివే రకం! పేజీ పేజీకీ ఎర్ర ఇంకు. ‘ఇది నీకెలా తెలుసు?’ ‘ఆవిడ ఇదే మాట అందా, నువ్వు చేర్చావా?’ పిల్ల ఏడ్చింది, మళ్ళీ ఆ మెట్ల దగ్గరికి వెళ్ళి అడిగింది, తిరగరాసింది. చివరికి మెట్ల అధ్యాయం గట్టిగా నిలిచింది. చదవని ఆయన దగ్గరే పడి ఉంటే ఇన్ని తిప్పలుండేవా?

ఆయనకేం, చల్లగా ఉన్నారు. ఈ మధ్యే ఆ ఆఫీసులో ‘ధైర్యంగా కాదనడం ఎలా?’ అన్న అంశం మీద సిబ్బందికి ఉపన్యాసమిచ్చారు. ఆ సంగతి అమ్మాయికి ఫోన్ చేసి చెప్పింది క్లర్కు ఆవిడే.

“మీ పాత సారు బాగానే మాట్లాడారమ్మా. మధ్యలో లేచి వెళ్ళిపోదామనుకున్నా గానీ, మేనేజర్ గారు తలుపు దగ్గరే కుర్చీ వేసుక్కూర్చున్నారు.”