బొమ్మ ప్రకారం బస్టాండు

మన నగరపు ప్రధాన బస్టాండుకు దేశంలోకెల్లా అందమైన కట్టడంగా బహుమతి వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. బస్సు దొరకనివారు కూడా ఈ సంతోషంలో పాలుపంచుకోవలసిందిగా మనవి.

ఈ కట్టడానికి ఘనమైన చరిత్ర ఉంది. మొదట్లో ఇక్కడ ఒక రేకుల షెడ్డు ఉండేది. జనం వచ్చి బల్లల మీద కూర్చునేవారు, బస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయేవారు. అంతకు మించి ఏమీ జరిగేది కాదు. ఈ వెనుకబాటుతనాన్ని చూసి తట్టుకోలేక పెద్దలు దాన్ని పడగొట్టి గుండ్రటి భవనం కట్టించారు. అందులోకి వెళ్ళిన బస్సులకు బయటికి వచ్చే దారి చిక్కలేదు. వాటిలో ఒకటి ఇప్పటికీ పునాదుల్లోనే ఉందని కొందరంటారు. పండితులు ఇంకా తేల్చలేదు.

మూడోసారి పొరపాటు జరగకూడదని ఆర్కిటెక్టు ముందుగా అట్టతో నమూనా చేసి గాజుపెట్టెలో పెట్టాడు. రవాణా సంస్థ ఛైర్మన్‌గారు దాన్ని చూసి మూర్ఛపోయినంత పని చేశారు. "ఇదిగో, ఇదే కావాలి నాకు! వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోను!" అని హుకుం జారీ చేశారు.

కాంట్రాక్టరు మాట మీద నిలబడే మనిషి. నమూనాలోని అట్టమనుషులంతా నిలబడే ఉన్నారు కనుక బల్లలు వేయలేదు. అట్టమనుషులకు అవసరాలు రావు కనుక మరుగుదొడ్లు కట్టలేదు. నమూనాలో గడియారం పెన్నుతో గీసింది కనుక స్తంభం మీద కూడా పెయింటుతోనే గడియారం వేయించాడు. అది ఎప్పుడు చూసినా పదీ పది. ఆనాటి నుంచి మన బస్సులు ఆలస్యంగా బయలుదేరిన దాఖలా ఒక్కటీ లేదు.

ఇంత చక్కటి చోటికి ఒక ఉదయం ఒక పెద్దావిడ మూటతో పరుగెత్తుకొచ్చింది. పక్క ఊళ్ళో కూతురికి తొలి కాన్పు. నొప్పులు మొదలయ్యాయని అల్లుడు ఫోన్ చేశాడు. గుమ్మంలోనే వాచ్‌మన్ ఆపాడు.

"మూట లోపలికి రాదమ్మా."

"ఎందుకు రాదు నాయనా? అందులో రాళ్ళేమన్నా ఉన్నాయా? పుట్టబోయే బిడ్డకి పాతచీరలు."

"నమూనాలో ఎవరి చేతిలోనూ మూట లేదు. కావాలంటే చూసుకో."

ఆవిడ గుమ్మం పక్కనే పెట్టిన గాజుపెట్టెలోకి తొంగి చూసింది. "వీళ్ళెవరూ ఊరెళ్ళేవాళ్ళలా లేరు గదయ్యా!"

"అందుకే గదమ్మా, బస్టాండు ఇంత శుభ్రంగా ఉంది."

ఆవిడ పక్కకు వెళ్ళి మూటను కొంగు కింద పొట్ట దగ్గర దోపుకుని వచ్చింది. ఇప్పుడు కాన్పు ఎవరికో చెప్పడం కష్టం. "నమూనాలో నిండుచూలాలు కూడా లేదే..." అని గొణుగుతూనే, పాపం, వాచ్‌మన్ వదిలేశాడు.

సరిగ్గా అప్పుడే బహుమతి సంఘంవారు విచ్చేశారు. మైకు మోగింది: "ప్రయాణికులకు విజ్ఞప్తి. ఫొటో అయ్యేదాకా ఎవరూ కదలరాదు. బస్సులు అసలే కదలరాదు."

మేం ప్రయాణికులమంతా బిగుసుకుపోయాం. నిజం చెప్పొద్దూ, అట్టమనుషులకంటే బాగా నిలబడ్డాం. ఛైర్మన్‌గారు సంఘంవారి వైపు తిరిగారు. "చూశారా ఆ క్రమశిక్షణ! కాంక్రీటు ఎవరైనా పోస్తారు. జనాన్ని ఇలా పోతపోయడం మాకే చెల్లింది!"

పెద్దావిడ బస్సు ఎదురుగానే గుర్రుమంటోంది. డ్రైవరు కూడా చేతులు స్టీరింగు మీద పెట్టి కన్నార్పడం లేదు. అంతలో ఆవిడ ఫోన్ మోగింది.

"ఏంటీ? ఆడపిల్లా! తల్లెలా ఉంది?... అమ్మ రాలేదని ఏడుస్తోందా? వస్తున్నా, ఇదిగో వచ్చేస్తున్నానని చెప్పు!"

ఆవిడ నవ్వుతూ, ఏడుస్తూ బస్సు వైపు పరుగెత్తింది. మూట జారి పాతచీరలు నున్నటి నేల మీద పరుచుకున్నాయి.

ఆవిడను కసిరింది ఛైర్మన్‌గారు కాదు, వాచ్‌మన్ కూడా కాదు. "కాసేపు ఆగలేవా? ఫొటో పాడుచేశావు గదమ్మా!" అని ఒక్క గొంతుతో అరిచింది మేమే.

ఆవిడను గేటు బయట నిలబెట్టి ఫొటో మళ్ళీ తీశారు. బహుమతి తెచ్చిన ఆ ఫొటో ఇప్పుడు గాజుపెట్టె పక్కనే వేలాడుతోంది. ఎడమ నుంచి మూడోవాణ్ణి నేను. నా పక్కన ఊపిరి బిగబట్టి, బల్ల ఏదని గానీ బస్సు ఏదని గానీ ఎన్నడూ అడగని ఆ మనిషి మీరే కదూ? చాలా బాగా పడ్డారు.