నెల్డాదేవి మూతరక్షణ సంగ్రామం

చెవులొగ్గండి మహాజనులారా! సకలదిక్కులా గిరిపంక్తులు కాపుండగా, తుషారధూమావృతమైన మా తూర్పు టెన్నెసీ లోయలో, వసంతుడు వాకిట నిలబడి లోపలికి రానా వద్దా అని తటపటాయిస్తున్న ఒకానొక ఆదివారపు అపరాహ్ణమున, ప్రార్థన ముగిసి, పాదిరిగారి కంఠధ్వని శాంతించి, మగవారు టైలు వదులు చేసుకుని వరండా కుర్చీలను అధిష్ఠించిన శుభవేళ, హర్షెల్ ధర్మపత్ని, ధీరోదాత్త, పిష్టమర్దనప్రచండబాహుదండ అయిన నెల్డాదేవి పూలపూల ఏప్రాన్‌ను కవచంగా ధరించి వంటింట ప్రవేశించింది.

యుద్ధకారణం విన్నవిస్తాను. ఆమె అత్తగారు ఆర్ఫాదేవి, కొడుకు పెళ్ళైన నాటినుంచీ, ప్రతి ఆదివారం సాయంత్రం తన ఇంట వండిన కోడిపులుసు, పిండిపట్టీల కుండను తువ్వాలులో చుట్టి, రాజలాంఛనాలతో మోసుకొచ్చి, కోడలి గిన్నెను మోచేత్తో పక్కకు నెట్టి, పొయ్యి మీద ప్రతిష్ఠించేది. ఆ వంశాచారం ప్రకారం పిండిని పల్చగా ఒత్తి, పట్టీలుగా కోసి, ఉడుకుతున్న పులుసులో వేసి, గరిటెతో అదేపనిగా కలుపుతూ ఉండాలి. కొండకు ఆవలి నెల్డా పుట్టింటి ఆచారం వేరు. అక్కడ మెత్తని పిండిని చెంచాతో ముద్దలుగా జారవిడిచి, మూతపెట్టి, పావుగంటసేపు దేవుడు దిగివచ్చినా మూత ఎత్తరు. లోపలి ఆవిరికి ముద్ద పొంగుతుంది. మధ్యలో ఎత్తితే చప్పున కూలి, బంకై, పంటికి అతుక్కుంటుంది.

ఆర్ఫాదేవి దృష్టిలో ఆ ముద్దలు నీళ్ళలో పడ్డ రొట్టెముక్కలు. ఈ ఆదివారం తానే వండుతానని కోడలు కబురంపితే, ఆవిడ ఒప్పుకుంటూనే ఒక షరతు పెట్టింది. అవి బంకైతే ఇక తాను బతికున్నంతకాలం ఆదివారం పొయ్యి తనదే, మారుమాట ఉండకూడదు. నెల్డా సరేనన్నది. అని కూర్చున్నాక గానీ ఆమెకు భయం వేయలేదు.

ప్రథమ సమరం కుక్కుటంతో జరిగింది. గుడ్లు పెట్టడం మానేసి, పెరట్లో పెత్తనం చెలాయిస్తూ బతికిన ఆ వృద్ధకుక్కుటి, ఉల్లి, మిరియాల మధ్య మధ్యాహ్నంనుంచి ఉడుకుతున్నా లొంగలేదు. ఫోర్కు గుచ్చితే ఫోర్కే వెనక్కి వచ్చింది. నిజం చెప్పొద్దూ, చచ్చినా అంత పౌరుషం నేనెక్కడా చూడలేదు. ఎట్టకేలకు, సూర్యుడు కొండభుజం మీద వాలేవేళకు, అస్థిబంధాలు సడలి, మాంసం విడివడి, పులుసు బంగారువర్ణం దాల్చింది. అంతట నెల్డాదేవి గోధుమపిండిలో పందికొవ్వు నలిపి, మజ్జిగ పోసి, పెద్దగా పిసక్కుండా కలిపి, చెంచా చెంచాగా జారవిడిచి, మూత పెట్టి, గోడ గడియారం వంక చూసింది.

ఆ క్షణాన ముట్టడి మొదలైంది. ముందుగా హర్షెల్, నాసికారంధ్రాలే సారథులై ఈడ్చుకురాగా, వరండా విడిచి వచ్చి మూతపై హస్తం చాచాడు.

"ఒక్కసారి చూసి మూసేస్తానే."

"చెయ్యి పెట్టి చూడు. రాత్రికి కుక్క పక్కన పడుకుంటావు."

ఆ వీరుడు తోక ముడిచాడు. కానీ అంతకన్నా భయంకరశత్రువు నెల్డా గుండెల్లోనే ఉన్నది. కుండలోంచి చప్పుడు రాదేం? అప్పుడే కూలాయా? ఆమె కుడిచెయ్యి ఆమెను అడక్కుండానే మూత వైపు సాగింది. దాన్ని పట్టి వెనక్కి లాక్కుని, కుర్చీలో కూలబడి, ఆ ద్రోహి చేతి మీదే కూర్చుంది.

ఇంతలో సాక్షాత్తూ ఆర్ఫాదేవి విచ్చేసింది. టోపీ తీయలేదు, కుశలమడగలేదు. జీవితకాలాభ్యాసవశంబున నేరుగా పొయ్యి దగ్గరికి నడిచి, గరిటె అందుకుని, కలపకపోతే అడుగంటుతుంది కదా అమ్మాయీ అంటూ మూతపిడి మీద చెయ్యి వేసింది. ఆ చేతికి ఇంతవరకూ మొగుడూ అడ్డురాలేదు, పాదిరీ అడ్డురాలేదు. నెల్డాదేవి లేచి, ఆ మణికట్టు పట్టుకున్నది.

"అత్తయ్యా, మీ కుండ మీ ఇష్టం. ఇది నా కుండ. టైమయ్యేదాకా దీని మూత ఎవరూ ఎత్తరు, నేను కూడా ఎత్తను. పాడైతే పొయ్యి మీకిచ్చేసి నోర్మూసుకుంటా. పాడుచేస్తే మాత్రం నేనే పాడుచేసుకోవాలి."

ఆర్ఫాదేవి కోడలి ముఖం చూసింది, తన మణికట్టు చూసుకుంది, గరిటె కింద పెట్టింది. కుర్చీ లాగి సరిగ్గా పొయ్యి ఎదుట వేసుకుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, కుండను గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంది. ఆకలిపీడితుడు హర్షెల్ మళ్ళీ వచ్చి, ఇద్దరూ ఊరకే కూర్చున్నారు కదా అని, మెల్లగా చెయ్యి చాచాడు. ఫెళ్ళున దెబ్బ పడింది. కొట్టినది ఆర్ఫాదేవి.

"ఇంకా టైం కాలేదంటోంది కదరా. చెవుడా?"

పావుగంట గడిచింది. నెల్డాదేవి మూత ఎత్తింది. ఆవిరిమేఘం విచ్చిపోగా, బంగారుపులుసు మీద తెల్లని ముద్దలు ఉబ్బి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, దర్జాగా తేలుతున్నాయి! మా లోయలో అంత ఆనందంతో ఏ ఆడదీ ముక్కు చీదుకోలేదు.

ఆర్ఫాదేవి ఒక ముద్దను చెంచా అంచుతో చీల్చింది. లోపల బంక లేదు. తిన్నది. రెండోదీ తిన్నది. మూడోదానికి పళ్ళెం చాచింది. హర్షెల్ తల్లి నోటి వంక చూస్తున్నాడు.

"ఉప్పు తగ్గింది," అన్నది ఆవిడ. కాసేపు నమిలి, పళ్ళెంలోకే చూస్తూ, "వచ్చే ఆదివారం కూడా ఉత్తచేతుల్తో వస్తాలే. కాస్త ఎక్కువ చెయ్యి," అన్నది.

జయము! విజయము! దుందుభులు మోగింపుడు! ఆకాశమా, పుష్పవృష్టి కురిపించు! కుక్కుటగర్వభంజని, నిజహస్తనిగ్రహధురంధర, మూతసంరక్షణచక్రవర్తిని అగు నెల్డాదేవి, వారానికి ఒక్క పూట, తన ఇంట, తన పొయ్యికున్న నాలుగు బర్నర్లలో కుడివైపు ముందున్న ఒక్క బర్నర్ మీద ఆచంద్రతారార్కం ఏకచ్ఛత్రాధిపత్యం సాధించినది!